రెండో గేరు మాస్టారి చెప్పులు

డ్రైవింగ్ స్కూలు మాస్టారిని ఊరంతా ‘రెండో గేరు’ అనేది. ఆయన ముందు కాదులెండి, వెనకాల. కొండ రోడ్డు పై మలుపులో కారు ఆపించి, నేర్చుకునేవాళ్ళ చేత కుడికాలి చెప్పు విప్పించి ఒళ్ళో పెట్టించడం ఆయన పద్ధతి. "చెప్పుంటే కాలికి పొగరు, ఊరికే బ్రేకు మీదికి పోతుంది. కొండ దిగినంతసేపూ బ్రేకు తొక్కితే అది వేడెక్కి, అసలు అవసరానికి పలకదు. గేరు తగ్గించు, బండిని ఇంజనే పట్టుకుంటుంది" అనేవారు. ఇరవై ఏళ్ళుగా అదే పాట.

అలాంటి మహానుభావుడి ఇల్లాలే రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ ఆ దిగుడులోనే. సోమవారంలోగా లైసెన్సు చూపిస్తే ఊరూరా పుస్తకాలు తిప్పే వ్యాన్‌ను ఆమెకే అప్పగిస్తామని లైబ్రరీ వాళ్ళు చెప్పారు. పాతికేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి, ఆ వ్యాన్ కోసం చిన్నపిల్లలా ఉబలాటపడుతోంది. శనివారం పరీక్షా పోతే వ్యాన్ ఇంకొకరిది.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. ఆమె చెప్పు విప్పి ఒళ్ళో పెట్టుకుని దిగుడు మొదలుపెట్టింది. మూడు నుంచి రెండుకు తెచ్చి, క్లచ్ మెల్లగా వదిలింది. ఇంజను గుర్రుమంది. అంతలోనే కారు కుదుపుతో మందగించింది.

"మళ్ళీ తొక్కేశావు!" అని మాస్టారు కస్సుమన్నారు.

ఆమె కారు పక్కకు తీసి ఆపింది. "నా కాలు బ్రేకు మీద లేదండీ. మీ కాలెక్కడుందో చూసుకోండి."

చూసుకున్నారు. నేర్పే కారు కదా, ఆయన వైపూ ఒక బ్రేకుంది. దాని మీద ఆయన కుడికాలు బిగుసుకుని ఉంది, చెప్పుతో సహా! వేలమందికి గేరును నమ్మమని చెప్పిన పెద్దమనిషి, భార్య నడుపుతుంటే మాత్రం నమ్మలేదు. నెల రోజులుగా ప్రతి మలుపులోనూ ఆయనే తొక్కుతున్నారు. గేరు బండిని ఎలా పట్టుకుంటుందో ఆమెకు ఏనాడూ తెలియనివ్వలేదు. ఇక పరీక్షలో ఆయన పక్కన లేకపోతే బెదరదూ మరి?

"నీకేమన్నా అవుతుందేమోనని..." అని నసిగారు మాస్టారు.

"నాకేం కాదు. విప్పండి చెప్పులు."

"రెండూనా?"

"రెండూనే. మీది ముదిరిన రోగం."

మాస్టారు చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కారు రెండో గేరులో, ఒకే వేగంతో, మలుపు తర్వాత మలుపు దిగింది. ఆఖరి మలుపులో మాత్రం ఆమె బ్రేకును అలా తాకి వదిలింది. చదునుకు రాగానే పకపకా నవ్వింది. "ఇదా అండీ పట్టుకోవడమంటే! నెల్లాళ్ళు దాచుకున్నారే!"

మర్నాడు పరీక్షాధికారి పక్కన ఆమె కొండ దిగుతుంటే, మాస్టారు కింద నిలబడి చెవులు రిక్కించి విన్నారు. మూడు. రెండు. ఇంజను గుర్రు. బ్రేకు కీచుమనలేదు. ఆనందం పట్టలేక పక్కనున్న టీ కొట్టాయన్ని వాటేసుకున్నారు.

కాగితం ఊపుతూ వచ్చిన ఆమె, ముందు ఆయన ఒట్టి కాళ్ళనీ, తర్వాత చంకలోని చెప్పుల్నీ చూసింది.

"ఇక వేసుకోండి," అంది. "మీరూ పాసయ్యారు."