ఎవరు అరుస్తరో చూద్దాం

మా దుకాణంలో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెల వారంటీ అయిపోతోందన్న కబురు ముందు తెచ్చింది మా మరిది. "వదినా, మూడింటికీ సపోర్ట్ కాంట్రాక్టు కొనాలె. ఒక్కటి ఖరాబైనా దుకాణం బంద్!" అన్నాడు. బీదర్ బజారులో మాది పప్పుల టోకు వ్యాపారం. మావారు భయపడి, కాంట్రాక్టు కాగితాల మీద సంతకం చేయడానికి పెన్ను తీశారు.

ఆపింది ఎవరనుకున్నారు? ఆ కాంట్రాక్టులు అమ్మడానికి కాగితాలు తెచ్చినాయనే! మా దుకాణంలో వైర్లు చూసే ఆయన్ని మేమందరం 'మామా' అనే పిలుస్తాం. "ఆగుండ్రి, ఎవరు అరుస్తరో చూద్దాం" అన్నాడు. అది ఆయన ఊతపదం. ఎక్కడికెళ్లినా ఒక్కో వైరూ పీకి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినేవాడు.

గోదాము వైరు పీకాడు. చప్పుడు లేదు. మేడ మీద మా ఇంటి టీవీకి నెట్ ఇచ్చే వైరు పీకాడు. "నా సీరియల్ ఏమాయెరా!" అని మా అత్తమ్మ గావుకేక. బిల్లుల గది వైరు పీకగానే గుమాస్తాలూ గిరాకీలూ కలిసి అరిచారు.

"గీ ఒక్కదానికే కాంట్రాక్టు. అత్తమ్మది ఖరాబైతే మార్చనీకి పాత పెట్టె ఒకటి బీరువాల పెట్టుండ్రి, చాలు."

"రెండు బేరాలు పోగొట్టుకున్నవు కద మామా!" అన్నాడు మరిది. పడీ పడీ నవ్వాం.

వెళుతూ, "నా వైరు పీకితే ఎవరు అరుస్తరో బిడ్డా" అన్నాడు ఆ ఒంటరి మనిషి, నవ్వుతూనే.

ఇప్పుడాయన బీదర్ పక్కనున్న కమఠాణలో కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. పెదవి కదపకుండా దండం పెట్టుకునే నేను, ఆయన కాలు బాగుచేయమని దేవుడి గదిలో రోజూ పైకే అడుగుతున్నాను. మీరూ మా మామను తలచుకుని దేవుడికి వినపడేలా ఒక్క కేక వేయండి.