కాలువల ఊళ్లో కైంచీ తొక్కుడు

మోకాళ్లకు వ్యాయామం కావాలని డాక్టరు చెప్పిన మర్నాడే మా మేనల్లుడు ఒక సైకిల్ తెచ్చి హాల్లో, సరిగ్గా టీవీ ఎదుట పెట్టి పోయాడు. దానికి చక్రాల్లేవు, బెల్లు లేదు, క్యారియర్ లేదు, ఎంత తొక్కినా మా హనుమకొండ ఇంటి గడప దాటదు. అయినా రోజూ పొద్దున దాని మీద కూర్చుంటున్నాను. మొన్న పరధ్యానంలో పెడల్ వెనక్కి తిప్పితే అది మెత్తగా తిరిగింది, ఏమీ కాలేదు. నాలో నేనే నవ్వుకున్నాను, ఎందుకంటే వెనకటికి ఇదే పని చేసి పరాయి దేశంలో అందరి ముందూ కింద పడ్డాను.

మా తరం వాళ్లకు కైంచీ తొక్కుడు అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు గానీ, ఇప్పటి పిల్లల కోసం చెబుతాను. ఇంట్లో ఉన్నది పెద్దవాళ్ల సైకిల్ ఒక్కటే, సీటేమో మన భుజాల ఎత్తు, కాబట్టి సీటు మాట మరిచిపోయి, అడ్డకడ్డీ కింద సందులోంచి కుడికాలు అవతలికి దూర్చి, ఒళ్లు పక్కకు వంచి తొక్కేవాళ్లం. నిండుగా తిప్పడానికి కాలు చాలదు, అందుకని పెడల్ సగం దాకా తొక్కి, వెనక్కి తెచ్చి, మళ్లీ సగం తొక్కడం, అదీ పద్ధతి. పరకాలలో మా నాయనకు చిన్న బట్టల దుకాణం ఉండేది, ఆ సైకిల్‌కే మూటలు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు, ఆయనకు నా కంటే దాని మీదే ప్రేమ ఎక్కువని నాకు గట్టి అనుమానం. నేర్పిన మొదటి రోజున ఆయన చెప్పింది ఒకటే: “పడితే పడ్డవ్ గని బిడ్డా, సైకిల్‌ను మాత్రం పడగొట్టకు.” నేను పెద్దమనిషినయ్యాక మా నాయనమ్మ “ఇగ చాలు తియ్యి, ఆడిపిల్లకు సైకిలేందే” అని, నాయన సాయంత్రం ఇంటికి రాగానే తాళంచెవి తీసుకుని బొడ్లో దోపుకునేది. సీటు మీద కూర్చునే పాఠం దాకా రాకుండానే నా సైకిల్ చదువు ముగిసిపోయింది.

వరంగల్‌లో నర్సు చదువు చదివి, ములుగు వైపు ఊళ్లలో బాలింతలను చూసే ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, శిక్షణ కోసం కొంతమందిని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరానికి పంపుతూ అందులో నా పేరూ కలిపారు. అక్కడి నర్సులు ఇళ్లకు సైకిళ్ల మీదే వెళ్తారని తెలిసింది దిగిన తర్వాతే. మొదటి రోజు పొద్దున, మా బాధ్యత చూసే పెద్ద నర్సమ్మ అందరినీ పెరట్లో నిలబెట్టి, సైకిల్ వచ్చినవాళ్లు బాలింతల ఇళ్లకు రావచ్చు, రానివాళ్లు ఆఫీసులో కూర్చుని కార్డులు సర్దాలి అని చెప్పి, నా చీర వంక చూసి, నన్ను అడగకుండానే ఆఫీసు గది వైపు చెయ్యి చూపింది. అంత దూరం విమానమెక్కి వచ్చింది కార్డులు సర్దడానికా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నాకు వచ్చు అన్నాను. అందరూ తీసుకోగా మిగిలిన సైకిల్ మగవాళ్లది, ఆ దేశంలో మనుషులు ఎంత పొడుగో సైకిళ్లూ అంత పొడుగు, సీటు నా ఛాతీ దాకా ఉంది. ఫికర్ లేదు, ఇది నాకు తెలిసిన కొలతే అనుకుని, కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్లు ఎగదోపి (చలికి లోపల వేసుకున్న ఉన్ని పైజామా ఆ రోజు నా మానం కాపాడింది), కడ్డీ కింద నుంచి కాలు దూర్చాను. సగం తొక్కి, అలవాటు కొద్దీ పెడల్ వెనక్కి తెచ్చాను. ఆ సైకిళ్లకు బ్రేకు చేతి దగ్గర ఉండదు, పెడల్ వెనక్కి నొక్కితే అదే బ్రేకు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. సైకిల్ ఉన్నచోటనే నిలిచిపోయింది, నేను వెల్లకిలా పడ్డాను. పడుతూ కూడా, నాయన మాట ఎక్కణ్ణుంచి గుర్తొచ్చిందో, సైకిల్‌ను నా మీదికే లాక్కున్నాను తప్ప నేలకు తగలనివ్వలేదు. లేచాక మోకాలు చూసుకోకుండా హ్యాండిల్ వంకరపోయిందేమోనని చూస్తుంటే, పెద్ద నర్సమ్మకు నవ్వాలో జాలిపడాలో తోచలేదు. ఇక చాలు, లోపల కూర్చో అంది. ఇంకొక్కసారి అన్నాను.

ఈసారి వెనక్కి తేకుండా, ఒళ్లంతా ఊపి, పెడల్‌ను నిండుగా తిప్పాను. చిన్నప్పుడు కాలు చాలక రానిది అప్పుడు వచ్చింది. పెరడంతా ఒక చుట్టు తిరిగి, పెడల్ వెనక్కి నొక్కి, ఠక్కున ఆమె ముందే ఆపి దిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. సైకిళ్ల దేశమని దానికి ఎంత పేరున్నా, సీటు అక్కర్లేకుండా తొక్కే మనిషిని అక్కడ ఎవరూ చూసినట్టు లేదు. ఆమె తన లేడీస్ సైకిల్ సీటు దించి నా చేతికిచ్చి, నేను తొక్కింది తను తీసుకుంది. బట్ట చిక్కకుండా వెనుక చక్రానికి రెండు పక్కలా కవరు కూడా ఉంది, అచ్చం నా చీర కోసమే చేసినట్టు. నా జీవితంలో సైకిల్ సీటు మీద కూర్చున్నది ఆ రోజే మొదలు.

పనిరోజుల్లో బాలింతల ఇళ్లు, సెలవు రోజున ఒక్కదాన్నే ఎటు బుద్ధి పుడితే అటు. కాలువ వెంట పోతుంటే, కింద నీళ్ల అంచునే ఇంకో వీధి, అక్కడ కుర్చీలేసుకుని కాఫీ తాగే జనం. గుట్టలు లేని ఊరు కదా సుఖం అనుకుంటే ఎదురుగాలి వచ్చి కొంగు పట్టి వెనక్కి లాగేది. రొట్టెలు కాల్చే వాసన వస్తే దాని వెంట పోయి దారి తప్పేదాన్ని, తప్పితే తల ఎత్తి చర్చి గోపురం కోసం చూసేదాన్ని, వరంగల్‌లో చదువుకునే రోజుల్లో గోవిందరాజుల గుట్టను చూసి స్టేషన్ ఎటుందో పోల్చుకున్నట్టే. ములుగు రోడ్డు మీద జీపు ఎప్పుడొస్తుందా, చోటిస్తారా లేదా అని గంటలు గంటలు నిలబడ్డ దాన్ని, అక్కడ ఎవరినీ అడగకుండా, ఎవరి కోసమూ ఆగకుండా ఒక పరాయి నగరాన్ని తిరిగి చూశాను. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

కాలువ వంతెన మీద, చీర మీద కోటుతో, సీటు మీద కూర్చుని తీయించుకున్న ఫోటో ఇంటికి పంపితే నాయన దాన్ని దుకాణంలో దేవుడి పటాల పక్కన పెట్టాడట. బిడ్డ విదేశానికి పోయిందని చెప్పుకుంటాడేమో అనుకున్నాను గానీ, గుడ్డ కొనడానికి వచ్చిన ప్రతివారికీ ఆయన చెప్పింది “నా సైకిల్ మీదనే నేర్చుకున్నది” అని. నాయనమ్మ మాత్రం ఫోటోను చాలాసేపు చూసి, “మంచిగ కూసున్నది పో” అందట. తిరిగొచ్చాక ఒక సైకిల్ కొనుక్కుని ములుగు వైపు ఊళ్లకు దాని మీదే పోయాను. నాయనమ్మ ఈసారి ఆ తాళంచెవి అడగలేదు.

ఇప్పుడు సైకిళ్లు ఎవరి కొలతకు వారికి వస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే మేనల్లుడి కూతురి సైకిల్‌కు ఇటూ అటూ బుల్లి చక్రాలు, పడే పనే లేదు. మంచిదే. కానీ బయట బండ్ల రద్దీకి భయపడి దాన్ని గేటు దాటనివ్వరు, కాబట్టి అపార్ట్‌మెంట్ కింద స్తంభాల చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి నా దగ్గరకొస్తుంది. నిన్న నేను తొక్కుతుంటే పక్కన నిలబడి, “అమ్మమ్మా, గింతసేపు తొక్కి ఎక్కడిదాంక పోయినవ్?” అని అడిగింది. యూట్రెక్ట్ దాకా అన్నాను. అయితే రేపు తననూ తీసుకుపొమ్మంది. సరేనన్నాను గానీ, అంత దూరం మాట అటుంచి, ఈ పిల్ల సైకిల్‌ను గేటు అవతలికి ఏ దారిన తీసుకుపోవాలో తెలియక, పొద్దుటి నుంచి బాల్కనీలో నిలబడి రోడ్డు వంక చూస్తున్నాను.