గాలి వచ్చే వైపు గీతలు

చల్లపల్లి దగ్గర మా పొలంలో కోతలు అయిపోయాయి. ఎండిన వరి మోళ్ల మీద మా అక్క దుమ్ము రేపుకుంటూ డర్ట్ బైక్ నడుపుతోంది. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఆ బండిది టూ స్ట్రోక్ ఇంజన్. పిస్టన్‌కి కావలసిన ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోయాలి. కలిపే ఉద్యోగం నాది. మా ఇంట్లో నన్ను నమ్మి ఇచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం.

ఉన్నట్టుండి ఇంజన్‌లోంచి గరిటెతో రేకు డబ్బా గీకినట్టు చప్పుడొచ్చింది. బండి ఆగిపోయింది. అక్క కిక్ మీద కాలేసింది. మామూలుగా అది మనల్ని ఎదురు తంతుంది. ఆ రోజు మాత్రం పాత సోఫాలా మెత్తగా కిందికి దిగిపోయింది. అక్క ముఖం పాలిపోయింది. బ్యాంకు పరీక్ష తప్పినప్పుడు కూడా తను అలా అవలేదు.

కారణం ఉంది. అంతకుముందు వేసవిలో ఇంజన్ ఒకసారి మొరాయిస్తే, "మళ్లీ పాడైందా, హనుమాన్ జంక్షన్‌లో తెలిసినాయనకి ఇచ్చేస్తా" అని నాన్న తీర్పు చెప్పేశారు. మా నాన్న అన్నారంటే అయిపోయినట్టే. అలాంటి మాటల మీదే మా ఇంట్లోంచి ఒక ఫ్రిజ్, ఒక కుక్క వెళ్లిపోయాయి.

బండిని వ్యాన్‌లో వేసుకుని పటమటలోని ఇంటికి తెచ్చాం. నాన్న పేపరు మడిచారు.

"ఆయిల్ కలిపిందెవరు?"

అందరూ నా వైపు తిరిగారు.

"కొలిచే పోశాను నాన్నా."

"నీ కొలతలు నాకు తెలీవా? పెసరట్టు మీద నూనె పోసినట్టు పోసుంటావ్."

"అది ఎక్కువ పోసినట్టు కదా. తక్కువైతేనే కదా పాడయ్యేది?"

"లాయరుగారు, మీరు కూర్చోండి" అంది అమ్మ.

అక్క ఇంజన్ విప్పింది. సిలిండర్ పైకి లాగగానే పిస్టన్ బయటపడింది. నున్నగా మెరవాల్సిన దాని పక్క భాగం గరుకు కాగితంతో రుద్దినట్టు బూడిద రంగుకు తిరిగింది. నిలువునా సన్నటి గీతలు. కింది అంచు ఒకచోట చిట్లింది. సంతాపసభకి కుర్చీలు వెయ్యమంటారా అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"ఇటు చూడు నాన్నా," అంది అక్క. "ఆయిల్ తక్కువైతే ముందు పొగ పోయే వైపు దెబ్బ తినాలి. అటు బాగానే ఉంది. పైన చిల్లు పడలా, కరగలా. గీతలన్నీ గాలి లోపలికొచ్చే వైపే ఉన్నాయి. ఇది దుమ్ము తినేసింది."

"దుమ్మెట్టా పోద్ది? ఫిల్టరుందిగా?"

"అదే అర్థం కావట్లా."

సీటు తీసి ఫిల్టర్ ఉండే డబ్బా తెరిచింది. స్పాంజి లాంటి ఆ ఫిల్టర్ ఎప్పుడూ ఆముదం పట్టించిన తలలా జిడ్డోడుతూ ఉండాలి. దుమ్ము ఆ జిడ్డుకే అంటుకుని ఆగుతుంది. లోపల ఉన్నది మాత్రం పొడిపొడిగా, పెళ్లికొడుకులా ముస్తాబై ఉంది. సబ్బుపొడి వాసన. మధ్యలో పసుపు రాసి, చక్కగా కుంకుమ బొట్టు.

నాకు జోకు తట్టలేదు. అలా జరగడం అదే మొదటిసారి.

దసరాకి ఆయుధపూజ అంటే మా నాన్న ఇంట్లో తిరిగేదల్లా కడిగేస్తారు. కారు, స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను. ఈసారి భక్తి ఇంజన్ లోపలిదాకా వెళ్లింది.

"ఏవండీ" అంది అమ్మ.

"జిడ్డు మీద పూజేంటని..." నాన్న గొంతు తగ్గింది. "నానబెట్టి పిండాను. ఎన్ని నల్ల నీళ్లొచ్చాయో తెలుసా?"

ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన పిస్టన్ చేతిలోకి తీసుకుని, ఆ గీతల మీద బొటనవేలు నెమ్మదిగా నడిపారు. "అయితే నేనేనా?" అన్నారు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

అమ్మే అడిగింది: "మరి హనుమాన్ జంక్షన్‌కి ఇప్పుడు ఎవర్ని పంపిద్దాం?"

మర్నాడు సిలిండర్ సంచిలో పెట్టుకుని అక్కతోపాటు లేత్ షాపుకి నాన్నే వెళ్లారు. పాతరకం సిలిండర్ కాబట్టి లోపల గీతలు పోయేలా కాస్త వెడల్పుగా బోరు చేయించి, దానికి సరిపోయే కొత్త పిస్టన్ వేశారు. ఫిల్టర్‌కి ఆయిల్ పట్టించి పిండటం అక్క దగ్గర నేర్చుకున్నారు. చేతులకంటిన జిడ్డు వైపు చాలాసేపు బాధగా చూశారు.

మళ్లీ పొలానికి వెళ్లిన రోజు అక్క స్టార్ట్ చేసి గేరు వెయ్యబోతుంటే నాన్న అడ్డంగా నిలబడ్డారు.

"ఆగమ్మాయ్! ఇంకా వెచ్చబడలా. చల్లగా ఉన్నప్పుడు ఉరికిస్తే సిలిండర్ కంటే పిస్టన్ ముందు ఉబ్బి పట్టేస్తది. తెలీదా?"

అది ఆయనకి చెప్పింది అక్కే. అయినా "తెలీదు నాన్నా" అంది. ఆయన ఇంజన్ పక్కన అరచెయ్యి పెట్టి, పసిబిడ్డకి జ్వరం చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. సరే అనేదాకా అక్క గేరు వెయ్యలేదు.