జాడీ మీది నూకాలమ్మ

రైల్వే క్వార్టరు ఖాళీ చేసే నాటికి సౌభాగ్యమ్మ దంపతులకి సొంత ఇల్లు లేదు. లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన భర్త బంగార్రాజు, వచ్చిన డబ్బుతో ఊరి చివర తోర్వా పేట అవతల కొత్త కాలనీలో రెండు గదులు కట్టాడు. అంత దూరం ఎందుకయ్యా అని అందరూ అడిగినవాళ్ళే. ఎందుకంటే ఇంటి ఎదురుగా ఎకరం మైదానం. లేఔటు ప్లానులో దానికి పచ్చరంగు వేసి "పార్కు" అని రాశారు. పార్కూ లేదు, పాడూ లేదు. ఉన్నదల్లా గడ్డీ, గాలీ. ఆవిడకి అదే చాలు.

బిలాస్‌పూర్ ఎండలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వైశాఖం వస్తే ఇల్లు పెనంలా కాలిపోయేది. సాయంత్రం కరెంటు పోయిందంటే కాలనీ కాలనీ అంతా చాపలు చంకన పెట్టుకుని మైదానంలో వచ్చి పడేది. శ్రీకాకుళం వాళ్ళూ, బెల్తరా వైపు పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ ఛత్తీస్‌గఢీ వాళ్ళూ, అందరూ ఒకే గడ్డి మీద. అక్కడ కాళ్ళు బారజాపుకుని కూర్చున్నంతసేపే సౌభాగ్యమ్మకి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చేవి కావు.

పదేళ్ళ కిందట, లేఔటు వేసిన కాలనైజరు కన్ను ఆ ఎకరం మీద పడింది. పార్కు మాట ఎగ్గొట్టి ప్లాట్లు కొయ్యాలని చూశాడు. బంగార్రాజు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చెప్పులరిగాయి తప్ప పని జరగలేదు. మర్నాడు జేసీబీ వస్తుందని తెలిసి, ఆయన అన్నం కూడా తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సౌభాగ్యమ్మ మాత్రం తెల్లారకముందే లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆవకాయ జాడీ మూత మీద బరువుకని ఎప్పుడో రైలు లైను పక్క నుంచి తెచ్చుకున్న నల్లరాయి ఒకటుంది. దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, మైదానంలో వేప మొక్క మొదట్లో నిలబెట్టి వచ్చేసింది.

జేసీబీ డ్రైవరు వచ్చాడు, చూశాడు, దిగాడు, చెప్పులు విప్పి చేతులు జోడించాడు. "మహతారీ, అమ్మ ఉన్నచోట నేను తవ్వను" అని బండి తిప్పేశాడు. మరో డ్రైవర్ని తెచ్చారు. వాడూ అంతే. కాలనైజరు తిట్టుకుంటూ ఇంకోచోట స్థలాలు వెతుక్కున్నాడు. పెళ్ళాం ఇంటికొచ్చి చెప్పింది విన్నాక బంగార్రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓసి నీ తెలివి తగలెయ్య! జాడీ మీద రాయి నూకాలమ్మైపోనాదేటే!"

తర్వాత రెండేళ్ళకి ఆయన పోయాడు. ఆ రాయి జాడీ మీదిదన్న సంగతి ఆవిడ ఒక్కర్తికే మిగిలింది.

దేవత ఊరుకుంటుందా? పెరిగింది. ముందు ఇటుకల గద్దె కట్టారు. తర్వాత రేకుల కప్పు, గంట, ఇనప గ్రిల్లు, మైకు. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా కాస్త కాస్త గడ్డి పోయింది. అమ్మని నిలబెట్టింది ఆవిడే కదా అని, ప్రతిసారీ మొదటి కొబ్బరికాయ సౌభాగ్యమ్మ చేతే కొట్టించారు. కాదని ఏ మొహంతో అంటుంది, పాపం!

నిరుడు తెలుగు సంఘం పెద్ద గిరిబాబు వచ్చి కూర్చున్నాడు. వరసకి అక్క కొడుకు.

"పిన్నీ, అమ్మకి పెద్ద గుడి కడతన్నాం. పక్కనే కల్యాణ మండపం. వ్యాపార్ విహార్ బజారు కాడ హాలు తీసుకోవాలంటే మనోళ్ళ నడుం ఇరిగిపోతంది. మన పిల్లగుంటలకి తెలుగు అచ్చరం ముక్క రాదు. పైన రెండు గదులేస్తే నేర్పించుకోవచ్చు."

ఇందులో తప్పేమైనా ఉందా? లేదు. అదే ఆవిడ ఏడుపు.

"కట్టండి నాయనా, నాను వద్దన్నానేటి? ఓ మూలకి కట్టుకోండి. మిగతా గడ్డి ఒగ్గీయండి."

"ఒగ్గీకేటి పిన్నీ! మిగతాదంతా ఖాళీయే. పార్కింగు."

"మరి గడ్డో?"

"టైల్సు పరిచేస్తాం. అచ్ఛా లగేగా, బాగుంటాది."

కోడలు భానుప్రియ టీ గ్లాసులు తీస్తూ, "జానే దో అత్తయ్యా, పోనీండి. మీరొక్కరూ అడ్డం పడితే మనల్ని ఏటనుకుంటారు?" అంది. సౌభాగ్యమ్మకి ఒళ్ళు మండింది గానీ, మండినా లేచి వాదించే ఓపిక లేదు.

భూమిపూజ నాడు జేసీబీకి కూడా పసుపూ కుంకం పెట్టారు. డ్రైవరు కుర్చీ ఎక్కలేదు. "ఈ మాతని నిలబెట్టిన పెద్దమ్మ, ఆ దాయీ ఎవరో, ఆవిడ చెప్తేనే తవ్వుతా" అన్నాడు. అందరి మొహాలూ సౌభాగ్యమ్మ వైపు తిరిగాయి. గిరిబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు.

అమ్మకి ఇష్టం లేదు అని ఒక్క ముక్క అంటే చాలు, పని అక్కడే ఆగిపోతుంది. అది ఆవిడకి తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఒక్క అబద్ధాన్ని తొమ్మిదేళ్ళు మోసి విసిగిపోయింది మనిషి. ఇంకోటి ఎత్తుకునే శక్తి లేదు. దేవతే లేదంటే గుడెక్కడిది, దీంతో పీడ వదుల్తుందనుకుంది.

"అది అమ్మోరు కాదు నాయనా. నా ఆవకాయ జాడీ మీద రాయి. ఆ కాలనైజరుని తరమడానికి నానే పసుపు రాసి పెట్టేను. గుడీ వద్దు, ఏటీ వద్దు. మైదానం ఒగ్గీయండి."

అంతలో వెనకనుంచి ఓ ముసలమ్మ కేకేసింది.

"ఓలమ్మో! అమ్మోరు నీ జాడీ మీద కూకుందేటే! అందుకేనేటి నీ ఆవకాయకి ఏనాడూ బూజు పట్టనిది!"

గిరిబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. "ఇన్ని కొంపలుండగా నీ ఇంటికే ఎందుకొచ్చింది పిన్నీ? ఆ బుద్ధి నీకు ఎవులు పుట్టించేరు?" అంటూ కాళ్ళ మీద పడ్డాడు. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి సౌభాగ్యమ్మ పాదాల మీద పోశారు. "కాదర్రా, వినండర్రా" అంటున్న ఆవిడ గొంతు ఎవరికీ వినపడలేదు. డ్రైవరు కూడా దిగొచ్చి కాళ్ళకి మొక్కి, ఆవిడ సెలవు దొరికిందనుకుని బండి ఎక్కి తవ్వడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి తడి చీరతోనే మంచం మీద కూలబడింది. "అబద్ధం ఆడితే తొమ్మిదేళ్ళు నిలబడింది గదే మైదానం. నిజం సెప్పేసరికి ఓ పూట కూడా ఆగలేదు" అంది కోడలితో. భానుప్రియ తువ్వాలు తెచ్చి అత్తగారి కాళ్ళు తుడిచింది.

మరుసటి వేసవికి గుడి లేచింది, ప్రహరీ లేచింది, మిగతా నేలంతా టైల్సు పరుచుకుంది. కరెంటు పోతే కాలనీవాళ్ళు ఎవరి చాప వాళ్ళు పట్టుకుని ఎవరి డాబా వాళ్ళు ఎక్కుతున్నారు. సౌభాగ్యమ్మకి మెట్లు ఎక్కే మోకాళ్ళు లేవు. గుమ్మంలో కుర్చీ వేయించుకుని, టైల్సు మీంచి వచ్చే సెగలో కూర్చుంటుంది. గుడికి పోయేవాళ్ళు ఆగి, చెప్పులు విడిచి, ఆవిడ ముందు గుంపుగా నిలబడి దండాలు పెడతారు.

"మొక్కితే మొక్కేరు గానీ, కాస్త పక్కకి జరగండి నాయనా," అంటుంది సౌభాగ్యమ్మ. "గాలి రాడం లేదు."