మెల్లగా మాస్టారు హైవే ఎక్కిన రోజు

మెల్లగా మాస్టారు కారు నడపడం నేర్పుతాడు. ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆయన పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్ళే. శిష్యుడు క్లచ్ మీద కాలు పెట్టీ పెట్టకముందే "మెల్లగా, మెల్లగా" అంటాడు గనక ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు లైసెన్సు మీద ఉంటే ఉండొచ్చు, ఎవరూ చూడలేదు.

డ్రైవింగ్ స్కూలు కారులో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. మాస్టారి ఉద్యోగమంతా ఆ బ్రేకు మీదే నడిచింది. మార్కెట్ వీధిలోంచి బయల్దేరి, ఆసుపత్రి మలుపు తిరిగి, ఆటల మైదానం చుట్టూ ఒక చుట్టు చుట్టి వెనక్కి రావడం. అంతే పాఠం. మూడో గేరు పడిందంటే ఆ రోజు వీధిలో జనం పలచగా ఉన్నారని అర్థం. నాలుగో గేరు ఎటువైపు ఉంటుందో ఆయన నోటితో చెప్పేవాడే గానీ చేత్తో వేసిన జ్ఞాపకం లేదు.

అవును, మాస్టారు పుట్టి బుద్ధెరిగాక హైవే మీద బండి నడపలేదు. సొంత కారు లేదు, ఊరు దాటాలంటే బస్సుంది. ఈ సంగతి ఆయన దాచలేదు, ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి ఎసరు పెట్టింది అత్తగారి మోకాళ్ళు. ప్రతి సెలవులకీ కుటుంబమంతా బస్సెక్కి మాస్టారి వదినగారింటికి, అంటే భార్య అక్కగారి ఊరికి వెళ్ళడం అలవాటు. ఈసారి అత్తగారు బస్సు మెట్లు ఎక్కలేనని తేల్చేసింది.

"మీ ఓనర్ని కారు అడగండి" అంది భార్య. ఆమె కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తుంది. ఏ ముక్కుకి ఏ ఫ్రేము పనికిరాదో మొహం మీదే చెప్పేసే మనిషి.

మాస్టారికి తప్పలేదు. వెళ్ళి ఓనర్ని అడిగాడు, ఆయన కాదనేలా. "మీకు వీలుపడదని తెలుసు. ఊరికే, ఇంట్లోవాళ్ళ పోరు పడలేక అడుగుతున్నా."

"తీసుకెళ్ళవయ్యా. నా సొంత బండే తీసుకెళ్ళు. నీ చేతిలో పెడితే నాకేం దిగులు?" అన్నాడు ఓనరు, తాళంచెవి చేతిలో పెడుతూ.

బయల్దేరిన పొద్దున మాస్టారు అలవాటుకొద్దీ పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. భార్య తలుపు తీసి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఆయన దిగి అటువైపు వెళ్ళాడు.

ఊళ్ళో ఉన్నంతసేపూ రాజాలా నడిపాడు. హైవేలో కలిసే చోట మాత్రం బండి ఆపేశాడు. ముందు లారీలు రయ్యిమని పోతున్నాయి. ఒకటి పోతే ఇంకోటి. మాస్టారు లెక్కపెడుతూ చూస్తున్నాడు.

"ఇంకెవరైనా రావాలా, అల్లుడుగారూ?" అంది వెనక సీట్లోంచి అత్తగారు.

"లేదండీ. రోడ్డు ఖాళీ అవగానే వెళ్దామని."

"అలాగైతే దుప్పటి తెచ్చుకోవాల్సింది" అంది ఆవిడ.

వెనక హారన్లు మోగితే తప్పనిసరై ఎక్కాడు. ఎక్కి, రోడ్డు అంచు పట్టుకుని, మూడో గేరులో ఇంజను గొల్లుమంటుంటే పోనిచ్చాడు. చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. వీపు సీటుకి ఆనడం లేదు.

కాలేజీలో చదివే కూతురు చెవుల్లోంచి వైర్లు తీసింది. "నాన్నా, ఇప్పుడు మనల్ని దాటింది ట్రాక్టరు. పైన గడ్డి కూడా ఉంది."

"అతనికి తొందరేమో."

"గడ్డి మీద ఒకాయన నిద్రపోతున్నాడు నాన్నా."

పెట్రోలు బంకు కనిపించగానే మాస్టారు ప్రాణం లేచొచ్చినట్టు లోపలికి తిప్పేశాడు. టీ తాగుదామన్నాడు. మూడో కప్పు కూడా చెబుతుంటే భార్య చూసి, ఆయన్ని గాలి కొట్టే మిషను దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉంది. నేనెప్పుడూ హైవే మీద నడపలేదు" అన్నాడు మాస్టారు. అనేశాక, ఇంత చిన్న మాటా అనిపించింది ఆయనకే.

"మరి ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరికీ ఏం నేర్పారు?"

"ఆపడం."

ఆమెకి నవ్వాగలేదు. మిషను పట్టుకుని నవ్వింది. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు భయపడి పక్కకి తప్పుకున్నాడు. మాస్టారు మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"తిరిగి వెళ్ళిపోదామా?" అన్నాడు.

"ఎందుకు? పెళ్ళయిన దగ్గర్నుంచీ నిద్రలో నాకు క్లాసు చెబుతూనే ఉన్నారు. అద్దం చూడు, సిగ్నలెయ్యి, గేరు మార్చు. దుప్పట్లో కాలితో తన్నులు కూడా. మొత్తం నాకు నోటికొచ్చు. నేను చెబుతా, మీరు చెయ్యండి."

జన్మలో స్టీరింగు ముట్టుకోని మనిషి పక్క సీట్లో కూర్చుని కొంగు బిగించింది.

"అద్దం చూడండి."

చూశాడు.

"ఎవరున్నారు?"

"తెల్ల కారు. చాలా దూరంలో ఉంది."

"మరి ఎవరి పర్మిషన్ కోసం చూస్తున్నారు? సిగ్నలేసి తొక్కండి."

తొక్కాడు. నాలుగో గేరు పడింది. అంతవరకూ గొల్లుమంటున్న ఇంజను ఒక్కసారిగా నోరు మూసుకుంది. ముందున్న లారీ దగ్గరపడింది. మాస్టారి కాలు బ్రేకు మీదికి జరుగుతుంటే భార్య "ఊహూ" అంది. లారీ పక్కకొచ్చింది, పొడుగ్గా, ఎంతకీ అయిపోకుండా. మాస్టారు ఊపిరి బిగబట్టాడు. లారీ వెనకబడింది. అద్దంలో అది చిన్నదవుతుంటే ఆయన నోట్లోంచి ఒక విచిత్రమైన చప్పుడొచ్చింది, దగ్గో నవ్వో తెలియని చప్పుడు.

ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరం కాలేదు. ట్రాక్టరు కనిపిస్తే కావాలని హారన్ కొట్టి మరీ దాటాడు. అవతలివాళ్ళ డ్రైవింగులో తప్పులు ఎంచడం మొదలుపెట్టాడు. ఒకడికి సిగ్నలివ్వడం రాదు, ఇంకొకడికి లైనులో ఉండటం రాదు.

"నోరు కాదు, రోడ్డు" అంటోంది భార్య.

అత్తగారు కునుకులోంచి లేచి కిటికీలోంచి చూసింది. "పెద్దదాని ఊరి నీళ్ళ ట్యాంకు వెనకవైపుకి ఎప్పుడొచ్చింది?"

అప్పుడుగానీ తెలియలేదు, దిగాల్సిన మలుపు ఎప్పుడో దాటిపోయిందని. వెనక్కి తిరగడానికి చోటు దొరికేసరికి ఇంకో ఊరొచ్చింది.

వదినగారింట్లో వడ్డించి పెట్టిన అన్నం చల్లారిపోయింది. నీళ్ళ మోటార్లు అమ్ముతూ ఊళ్ళన్నీ తిరిగే తోడల్లుడు గడియారం చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. వంద దాటని స్పీడు ఆయన కబుర్లలో ఎప్పుడూ ఉండదు.

"ఇంత ఆలస్యమేంటయ్యా? నేనైతే ఈపాటికి వచ్చి, వెనక్కెళ్ళి, ఇంకోసారి వచ్చేవాణ్ణి."

"స్పీడులో ఉన్నాం అన్నయ్యా. మలుపు దాటిపోయింది" అన్నాడు మాస్టారు, చాలా మామూలుగా.

భార్యకి పొలమారింది. అత్తగారు పెద్ద కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతూ, "నిజమేనే. మొదట్లో మాత్రం ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటింది. గడ్డి బండి" అంది.

ఇల్లంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఎవరూ అడక్కుండానే, మొత్తం కథ చెప్పేశాడు. ఆపడం నేర్పాననే ముక్కతో సహా. తోడల్లుడు మాత్రం భోజనమంతా హైవే మీద బండి ఎలా నడపాలో ఉపన్యాసం ఇచ్చాడు. మాస్టారు బుద్ధిగా విని, రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

సెలవులయ్యాక ఓనరు ససేమిరా అంటున్నా వినకుండా మాస్టారు చివరి పాఠాన్ని హైవే మీదికి మార్చేశాడు. మొదట ఆ పాఠానికి తగిలింది పోస్టాఫీసులో రిటైరైన ఒక పెద్దావిడ. హైవేలో కలిసే చోట ఆవిడ బండి ఆపి, మాస్టారి వైపు చూసింది.

"మొహమంతా చెమట పట్టిందేంటి మాస్టారూ? మీకూ భయమేనా?"

"కొంచెం ఉందండీ" అన్నాడాయన, తన వైపు బ్రేకుకి అందకుండా రెండు కాళ్ళూ సీటు కిందికి ముడుచుకుంటూ. "మీరు పోనివ్వండి."