ఎవరు పోయారు, తోరికా?

నౌసోరిలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా నా కుట్టు దుకాణం. గుమ్మంలో తోరిక నీడ పడిందంటే ఎక్కడో ఎవరో పోయారన్నమాటే. మిషను మీంచి తల ఎత్తకుండానే అడిగేదాన్ని.

"ఎవరు పోయారు, తోరికా?"

"మా ఆయన పినతండ్రి గారి తోడల్లుడు. తవువాలో. నా నల్లగౌను అంచు ఊడిందక్కా, రెండు కుట్లు వేసిపెట్టు. బస్సు వచ్చేస్తుంది."

"ఆయన్నెప్పుడైనా చూశావా?"

"చూళ్లేదు." గొంతు తగ్గించి, "తవువా కూడా చూళ్లేదు" అనేది.

ఆ రెండో మాటలోనే ఉండేది ఆమె ప్రాణమంతా.

తోరికది రేవా నది ఒడ్డున, మా బజారుకి కూతవేటు దూరంలో ఉన్న పల్లె. పొద్దున్నే కర్రపెండలం, చామదుంపలు, కొబ్బరికాయలు తెచ్చి బజారులో కుప్పలు పెట్టి అమ్మేది. ఆ కుప్పల వెనకాల కూడా కుదురుగా కూర్చునేది కాదు. పక్కామెకు అప్పజెప్పి బస్సుల దగ్గరికి పోయి, ఏ బస్సు ఎక్కడినుంచి వచ్చిందో, అద్దాల మీద ఏ ఊరి దుమ్ముందో చూసి వచ్చేది. మొగుడు అపిసాయి పడవలు బాగుచేస్తాడు. వంతెన దాటి అవతలికి వెళ్లమన్నా "ఎందుకు?" అనే మనిషి. ఈమేమో కాలుగాలిన పిల్లి.

మా దీవుల్లో ఊరికే వేరే ఊరికి వెళ్లడమనేది లేదు. వెళ్లావంటే కారణం ఉండాలి. పెళ్లో, పేరంటమో, చావో. భుజాన మొగలాకు చాప వేసుకుని వెళితే ఎంత దూరపు చుట్టం ఇంటి తలుపైనా తెరుచుకుంటుంది. పెళ్లిళ్లు ఏడాదికి నాలుగు. చావులకు కొదవ లేదు. అందుకని తోరిక చావుల్ని పట్టుకుంది. బజారులో తోటి ఆడవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

"లంబాసాలో కుక్క చచ్చినా మన తోరిక చాప దులుపుతుందే!"

"కుక్కకి అక్కడ చుట్టాలున్నారా అని కూడా అడుగుతుంది!"

ఆమె కోప్పడేది కాదు. వెళ్లిన చోట నిజంగానే ఏడ్చేది. చాప సమర్పించేది, శవం దగ్గర కూర్చునేది, వంటింట్లో గిన్నెలు తోమేది. అంతా అయ్యాక "ఒక్క చుట్టు చుట్టి వస్తా" అని మాయమయ్యేది. మూతపడ్డ సినిమా హాలు, తుప్పుపట్టిన చెరకు రైలు పట్టాలు, పేరు చెరిగిపోయిన కొట్టు బోర్డు, ఎవరూ గడ్డి కోయని సమాధులు. ఎవరో ఒక ముసలాయన్ని పట్టుకుని "ఈ వీధి ఇక్కడెందుకు వంకర తిరిగింది తాతా?" అని అడిగేది. ప్రతి ఊళ్లోనూ ముందు ఒకటే మాట: "ఇక్కడేముందమ్మా చూడ్డానికి?" ఆ తరవాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

తిరిగొచ్చాక నా దుకాణంలో ముక్కాలి పీట మీద కూర్చుని అవన్నీ చెప్పేది. వాతుకౌలా బంగారు గని గురించి, రాకిరాకి రోడ్డు పక్కన మనుషుల్ని తిన్న పాతకాలపు తెగ నాయకుడి సమాధి గురించి. ఒక్కోసారి ఒక ఊరి కథలోకి ఇంకో ఊరి ముసలాయన దూరేవాడు. నేను సరిదిద్దేదాన్ని కాదు. మా తాత చెరకు తోటల కాలంలో ఓడ దిగి, ఈ నదిని మళ్లీ దాటకుండానే పోయాడు. నేనూ దాటలేదు. నాకు తెలిసిన ఊళ్లన్నీ తోరిక చెప్పినవే.

ఒక ఏడు, చెరకు కోతలు మొదలైన రోజుల్లో, అపిసాయి మేనమామ రుసియాతే సువా ఆసుపత్రిలో పోయాడు. ఆయనది సముద్రం అవతల లెవుకా. ఈసారి దూరపు చుట్టరికం కాదు. అపిసాయి కూడా కదలక తప్పలేదు. అతని అక్క కెలెర, ఆ ఇంటికి పెద్ద, అటకమీంచి చాపలన్నిట్లోకీ మంచిది దించింది. అంచుల్లో ఎర్ర ఊలు కుచ్చులున్న పెద్ద చాప. రుసియాతేని దానిమీదే పడుకోబెట్టి గోతిలోకి దించాలి. ఇంటి కోడలిగా దాన్ని మోసే వంతు తోరికది.

శవం మధ్యాహ్నం పడవలో రావాలి. వీళ్లు ముందుగానే చేరారు. పడవ సాయంత్రం దాకా రాదని ఎవరో కబురు తెచ్చారు. ఆడవాళ్లంతా కింద కూర్చుని ఉన్నారు. తోరిక అరుగు మీంచి చూసింది. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఒకే ఒక వీధి, వరసగా చెక్క దుకాణాలు. ఒకప్పటి రాజధాని. పెరగడానికి చోటు చాలక రాజధాని సువాకి లేచిపోయినా, ఊరు మాత్రం అక్కడే నిలబడిపోయింది.

"వదినా, ఒక్క చుట్టు చుట్టి వస్తా" అంది.

"చాప అక్కడ పెట్టి వెళ్లు" అంది కెలెర.

తోరికకి ఆ మాట వినిపించలేదు. అప్పటికే వీధిలో ఉంది. చాప భుజం మీదే ఉంది.

కొండ మీది రాతిమెట్లెక్కింది. దిగి, వీధి ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది. ఊరి బయట సముద్రం పక్కన పాత శ్మశానం కనిపించింది. ఓడలు మునిగి పోయినవాళ్లు, జ్వరాలొచ్చి పోయిన దొరలు, పేర్లు సగం చెరిగిన రాళ్లు. ఒక ముసలాయన కత్తితో గడ్డి కోస్తున్నాడు. "ఇక్కడేముందమ్మా?" అన్నాడు ఆయన కూడా. గడ్డి తడిగా ఉంది. తోరిక భుజాన ఉన్న చాప పరిచింది. ఇద్దరూ దానిమీద కూర్చున్నారు.

దూరంగా చర్చి గంట కొట్టింది. కాసేపటికి మళ్లీ అంతే కొట్టింది.

"రెండుసార్లు కొడుతుందేం తాతా?"

"మొదటిసారి విననివాళ్ల కోసం" అన్నాడు ముసలాయన.

తోరిక నవ్వింది. రెండూ విన్నది, లేవలేదు.

పడవ సాయంత్రం దాకా ఆగలేదు. శవం వచ్చింది. అపిసాయి వాళ్లు చాప సమర్పించే వంతు వచ్చింది. మగవాళ్లు చావుకీ పెళ్లికీ మర్యాదగా ఇచ్చే తిమింగలం పన్ను పట్టుకుని మాటలు చెప్పి, చాప కోసం వెనక్కి తిరిగారు. చాప లేదు. వరసైన బావలు, ఏడుపు ఇంట్లో కూడా నోరు ఊరుకోని వాళ్లు, మొదలుపెట్టారు.

"అపిసాయి బావా, నీ పెళ్లాం చాపతో సహా లేచిపోయిందా?"

"మంచి చాపే తీసుకెళ్లిందిలే, సుఖంగా పడుకుంటారు!"

నవ్వారు కానీ, అపిసాయి ఆ నవ్వులో కలవలేకపోయాడు. పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చిన చాపలో రుసియాతేని పాతిపెట్టారు.

తోరిక వచ్చేసరికి జనం భోజనాలకు కూర్చుంటున్నారు. ఎర్ర కుచ్చులకి గడ్డి అంటుకుని ఉంది. కెలెర లేచి నిలబడింది.

"చచ్చినవాణ్ణి చూడ్డానికొచ్చావా, ఊరు చూడ్డానికొచ్చావా?"

ఇంకెవరైనా అయితే తలదించుకుని ఊరుకునేవాళ్లే. తోరిక ఆలోచించి మరీ చెప్పింది.

"రెండిటికీ, వదినా."

ఆ మాటతో అంతా పోయింది. అపిసాయి ఇంకో తిమింగలం పన్ను ఎక్కడో సంపాదించి, మేనమామ ఇంటివాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని పెళ్లాం తరఫున క్షమాపణ అడిగాడు. వాళ్లు పుచ్చుకున్నారు. కెలెర మాత్రం తన తీర్పు తను చెప్పింది. ఏడాది తిరిగేదాకా ఏ చావుకీ తోరిక వెళ్లకూడదు. చాప ఇంకెవరైనా మోస్తారు.

ఆ ఏడాది ఆమెను చూడాలి. వాకిలి ఊడ్చిందే ఊడ్చేది. వంతెన మీదికి నడిచి, మధ్యలో నిలబడి, వెనక్కి వచ్చేది. సువా బస్సెక్కి, సువాలో దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చేది. నా దుకాణంలో పీట మీద కూర్చోవడం, లేవడం, గుడ్డముక్కలు ఏరడం, మళ్లీ పారబోయడం. రేడియోలో చావు కబుర్లు చదివే వేళకి మాత్రం కదలకుండా వినేది. ఫలానా వారి తండ్రి, ఫలానా ఊరు. ఊరి పేరు వచ్చినప్పుడల్లా పెదవులు కదిలేవి.

ఒకరోజు రేడియో ఆపేసి నా వైపు చూసింది. 

"అక్కా, రాకిరాకిలో మా పిన్నికి ఒంట్లో బాగాలేదట."

"అయ్యో."

"ఆ మాట వినగానే నాకేం తట్టిందో తెలుసా? ఈసారి రాకిరాకిలో ఆ కొండ వెనకాల పేట చూడొచ్చని. ఈలోగా నా ఏడాది అయిపోతుందా లేదా అని లెక్కేశాను." చేతులు ఒళ్లో పెట్టుకుని నలుపుకుంది. "నన్ను పెంచిన పిన్ని అక్కా! నేనేం మనిషిని?"

 ఆ సాయంత్రం మిషను మూసేసి, నది ఒడ్డుకి వెళ్లాను. అపిసాయి పడవ బోర్లించి అడుగు గీకుతున్నాడు.

"అన్నా, దాన్ని ఎక్కడికైనా తీసుకెళ్లు."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఎవరూ పోకుండా వెళ్లకూడదా?"

అతను గీకడం ఆపాడు. ఆ సంగతి జీవితంలో మొదటిసారి వింటున్నట్టు నా ముఖంలోకి చూశాడు.

"ఎవరింటికి వెళ్తాం?"

"ఎవరింటికీ కాదు. ఊరికి."

మర్నాటికి ఆలోచించుకుని సరేనన్నాడు. ఓడలో సవుసవు వెళ్దామన్నాడు. తోరికకి ఉన్న మంచి గౌనులన్నీ నల్లవే, అన్నీ నేను కుట్టినవే. ఎర్రపూల గుడ్డ తీసుకుని ఒకటి కుట్టాను. వేసుకుని అద్దం ముందు నిలబడి బెంగపడింది.

"ఇది వేసుకుని ఏ ఇంటి గడప ఎక్కను?"

"ఏ గడపా ఎక్కొద్దు. బజారుకి వెళ్లు."

ఆ తరవాత జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

ఓడ దిగగానే రేవులో ఒకామె అలవాటుగా అడిగిందట, "ఎవరు పోయారమ్మా?" అని. తోరిక భుజం తడుముకుంది. అక్కడ చాప లేదు.  అపిసాయే "మేం బతికే ఉన్నాం, అంతే" అన్నాడట.

సవుసవులో కూడా ఒకటే పెద్ద వీధి. వేడినీళ్లు నేలలోంచి ఉబికే చోట ఆడవాళ్లు కర్రపెండలం కుండలు పెట్టి, గోనెలు కప్పి, కబుర్లాడుతున్నారు. కొబ్బరి బేరం మంచిగా సాగిన రోజుల్లో ఎక్కడెక్కడి ఓడలు వచ్చేవో చెప్పారు. మధ్యాహ్నానికి తోరిక చూడాల్సింది అయిపోయింది. అపిసాయి మాత్రం రేవులో ఒక పడవని చూస్తూ, ఒడ్డున గోడ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"కొండ దాటితే లంబాసా. బస్సుంది, లే" అంది.

"ఇప్పుడేగా వచ్చాం!"

"వచ్చాం, చూశాం."

"నువ్వు చూశావు. నేనింకా ఈ పడవ చూస్తున్నాను."

"ఒక్క పడవని ఎంతసేపు చూస్తావు?"

"ఇరవై ఏళ్లనించి నిన్ను చూడ్డంలేదూ? నువ్వైతే ఒక్కచోట కూడా ఉండవు."

ఆమెకి ఒళ్లు మండింది. ఒక్కత్తే బస్సెక్కేసింది.

లంబాసాలో చెరకు లారీలు ఊరిదాకా బారులు తీరి ఉన్నాయి. గాలంతా కాగిన బెల్లం వాసన. మిల్లు గేటు దగ్గర మునసామి అనే ముసలాయన, ఒకప్పుడు అక్కడే పనిచేసినవాడు, బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పాత చెరకు రైలు గురించి అడిగింది.

"ఎవరి తాలూకా అమ్మా నువ్వు?"

"ఎవరి తాలూకా కాదు. ఊరు చూడ్డానికొచ్చాను."

ఆ మాట పైకి అనడం ఆమెకి అదే మొదలు. ఆయన పగలబడి నవ్వాడు. "లంబాసా చూడ్డానికా? మసి తప్ప ఇక్కడేముంది?" అని, చేతికర్ర తీసుకుని లేచాడు. మిల్లు, పట్టాలు, తోట కూలీల వరస ఇళ్లు ఒకప్పుడున్న చోటు, నది వంపు, అన్నీ చూపించాడు. చూపించడం అయ్యేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

చావుకి వెళ్లిన ఊళ్లో ఎప్పుడూ ఒక ఇల్లుండేది. ఇక్కడ లేదు. దుకాణాలవాళ్లు తలుపులు దించుతుంటే, ఎర్రపూల గౌనులో నడిబజారులో నిలబడి తోరిక మొదటిసారి భయపడింది. మునసామే ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య రొట్టె, గుమ్మడికాయ కూర పెట్టింది. చాప లేదు, చేతిలో ఏమీ లేదు. సిగ్గుతో ముద్ద దిగలేదట. వద్దన్నా వినకుండా ఇంట్లో గిన్నెలన్నీ తోమింది, కడిగినవి కూడా.

మర్నాడు సవుసవు వచ్చేసరికి అపిసాయి అదే గోడ మీద ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడతాడనుకుంది.

"నిన్న రేడియోలో చావు కబుర్లు విన్నాను" అన్నాడు. "నీ పేరొస్తుందేమోనని."

ఆమె పక్కన కూర్చుంది. 

"కుదురుగా కూర్చో."

"కూర్చునే ఉన్నానుగా."

"నువ్వు కూర్చున్నావు. నీ కాలు కూర్చోలేదు." ఆమె మోకాలి మీద చెయ్యి వేసి అదిమి పట్టుకున్నాడు. "లంబాసాలో ఏముంది, చెప్పు."

ఆమె చెప్పింది. అతను కదలకుండా, రైలు సంగతి రెండుసార్లు అడిగి చెప్పించుకుని విన్నాడట.

ఏడాది తిరిగాక కెలెరే నడిచి వచ్చి చాప ఆమె భుజాన పెట్టింది. రాకిరాకి పిన్ని కోలుకుంది, ఇంకెవరో పోయారు. తోరిక ఒక షరతు పెట్టింది. ఒకరోజు ముందే వెళ్లి ఊరు చూసేసుకుంటుంది. ఆ తరవాత శవం లేచేదాకా తను లేవదు. కెలెర సణిగింది, ఒప్పుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఆ లెవుకా మెట్లెక్కితే ఏం కనిపిస్తుందే?"

"మీ మేనమామ ఊరే కదా వదినా, ఎప్పుడూ ఎక్కలేదా?"

"ఎందుకెక్కుతాం?" అంది కెలెర. కానీ కదలకుండా నిలబడి చెప్పించుకుంది.

అప్పటినుంచి ఏడాదికోసారి మొగుడూ పెళ్లాం ఎవరూ పోకుండానే ఎక్కడికో ఒకచోటికి వెళ్తారు. అతను ఒక గోడ చూసుకుని కూర్చుంటాడు, ఆమె ఊరు తిరుగుతుంది. ఆమె కుదురుకుందని చెప్పను. ఇప్పుడు మోకాళ్లు నొప్పులు, మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగుతుంది. అయినా మొన్న దుకాణానికి వచ్చింది. సముద్రంలో ఎక్కడో విసిరేసినట్టుండే రోటుమా దీవికి ఓడ వెళ్తుందట. ఆకుపచ్చ గౌను కావాలంది.

"కదలకుండా నిలబడు, కొలత తీసుకోవాలి" అన్నాను.

భుజం, చెయ్యి, ఛాతీ అయ్యాయి. బయట ఏదో బస్సు హారన్ కొట్టింది. కొత్త బస్సు, అద్దాల మీద ఎర్రమట్టి. "ఇది ఎక్కడిదో చూసొస్తా" అంది. టేపు నా చేతిలో ఉండగానే వెళ్లిపోయింది. సాయంత్రం దాకా చూసి, నడుం కొలత ఉజ్జాయింపుగా వేసుకుని గుడ్డ కత్తిరించాను.