అమ్మ బైబిలు తెరుచుకున్న చోటు

అమ్మ కంటి ఆపరేషన్ గురించి మా చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు, దేవుడు వాక్యమిచ్చాడు, ఆమె బయలుదేరింది అని రెండు ముక్కల్లో ముగిస్తున్నారు. ఆ రోజు గదిలో ఉన్నది అమ్మ, నేను. అంత తేలికగా జరగలేదు కాబట్టి రాస్తున్నాను.

ఏ పని తలపెట్టినా అమ్మ కళ్లు మూసుకుని బైబిలు తెరిచేది. బొటనవేలు పడిన వాక్యమే దేవుని జవాబు. శుక్లాలు ముదిరాయి, ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదు, ఒంగోలు పోయి ఆపరేషన్ చేయించుకోమని మార్కాపురంలో డాక్టరు చెప్పాక కూడా అట్లాగే తెరిచింది. ఓపికతో కనిపెట్టుకుని ఉండమనే కీర్తన వాక్యం వచ్చింది. వారం తర్వాత తెరిచినా అదే.

“ఆగమంటున్నాడురా,” అన్నది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. గుమ్మం దాకా పోయి వస్తున్నాను. నా చదువు పదితో ఆగినా, శాఖా గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. ఎక్కువగా చదివిన పేజీ దగ్గర పుస్తకం వెన్ను విరిగి తనంతట అదే తెరుచుకుంటుందని నాకు తెలుసు. మా నాయన చనిపోయిన ఏడాది అమ్మ రోజూ చదివింది ఆ కీర్తనే.

“అక్కడ వెన్ను విరిగిందమ్మా. దేవుడు కాదు.”

“ఇరగ్గొట్టింది నేనే గదా. అప్పుడు ఆయన నాతో మాట్లాడింది ఆడనే. మళ్లా ఆడనే మాట్లాడితే నీకేంది నొప్పి? మీ లైబ్రరీలో అడిగి రావాల్నా?”

ఒక ఉదయం వేలు పెట్టింది గానీ అక్షరాలు కనిపించలేదు. “సదివిపెట్టు,” అని బైబిలు నా వైపు తోసింది. వేలు కీర్తన చివరి వాక్యం మీద ఉంది. దేన్నయినా చివరి నుంచి చదవడం నాకు చేతకాదు. మొదటి నుంచి చదివాను. ఆ కీర్తన వెలుగుతో మొదలవుతుంది. మధ్యలో ఆయన ముఖాన్ని వెతకడం ఉంది. కనిపెట్టుకుని ఉండమనడం ఆఖరున.

అమ్మ కళ్లు మూసుకుంది. నేను ఏదో చెప్పబోయాను.

“కొంచేపు నోరు మూసుకో. నువ్వే మాట్లాడతాంటే ఇంకెవరి మాట ఇనాల?”

బయట రాతి పలకల లారీ పోయిన చప్పుడు. నా కాలు ఊగుతూనే ఉంది. చాలాసేపటికి అడిగింది.

“ఒంగోలు బస్సు ఎన్నింటికి?”

“ఏమన్నాడమ్మా?”

“చెప్పింది నాకా, నీకా?”

ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు తనే చదువుకుంటోంది. పక్కన నేనూ కళ్లు మూసుకుని కూర్చుంటాను. ఏమీ వినపడదు. లేచి గుమ్మం దాకా పోతాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను.

ఆస్పత్రిలో తోడున్న వదినకు, పొద్దున్నే తర్లుపాడు నుంచి ఆటో తెచ్చిన అన్నకు, గడువు దాటినా పుస్తకాలు అడగని గ్రంథాలయం అక్కకు వందనాలు. ఆ రోజు ఏం విన్నదో ఇంకా చెప్పని అమ్మకు కూడా.